నాలుగు నెలల మకాం కోసం సముద్రం ఒడ్డున స్థలం కొనాలా?

ప్రశ్న: నేను నిజామాబాద్ జిల్లాలో హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. మా ఆవిడకు కీళ్లవాతం, చలికాలం వస్తే లేవలేదు. అందుకని ఏటా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సముద్ర తీరంలో ఉందామనుకుంటున్నాం. విశాఖ, భీమిలి మా పింఛనుకు అందవు కాబట్టి చీరాల వైపు చూశాం. వాడరేవు దగ్గర ఒకాయన తన డీకేటీ పట్టా భూమిలో 3 సెంట్లు 6 లక్షలకు ఇస్తానంటున్నాడు. "పట్టా వచ్చి ఇరవయ్యేళ్లు దాటింది, అమ్ముకునే హక్కు వచ్చేసింది, ప్రస్తుతానికి నోటరీ చేయిద్దాం, రిజిస్ట్రేషన్ తర్వాత చూద్దాం" అంటున్నాడు. ఫోన్‌పేలో 20 వేలు బయానా పంపాను. ఇంకో దారి కూడా ఉంది. చీరాల టౌనులో ఒక పోర్షన్ ఓనరు 5 లక్షలు ఇస్తే మూడేళ్లు అద్దె లేకుండా ఉండమంటున్నారు. మామూలు అద్దె అయితే నెలకు 6 వేలట. ఏది మేలు? అక్కడ ఉంటే తెలంగాణలో నా ఓటుకు, పింఛనుకు ఇబ్బంది వస్తుందా?
- రిటైర్డ్ టీచర్, నిజామాబాద్ జిల్లా

జవాబు: మాస్టారూ, ముందే తేల్చి చెబుతున్నాను. స్థలం వద్దు. 5 లక్షల ఒప్పందం ఇప్పుడున్న రూపంలో వద్దు. టౌనులోనే నెల అద్దెకు దిగండి. ఊరిని మాత్రం బాగానే ఎంచుకున్నారు. మెయిన్ లైను మీద స్టేషను, సికింద్రాబాద్ నుంచి నేరుగా రైళ్లు, అందుబాటులో డాక్టర్లు, ఆటో ఎక్కితే సముద్రం. కీళ్లనొప్పులున్న మనిషికి అలల చప్పుడు కంటే వీధి చివర మందుల షాపు ఉండటం ముఖ్యం.

ఇక స్థలం సంగతి. డీకేటీ పట్టా అంటే ప్రభుత్వం పేదలకు సాగుకోసం ఇచ్చిన భూమి. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ తర్వాత ఇచ్చిన ఇలాంటి పట్టాల్లో వారసులు అనుభవించవచ్చు గానీ అమ్మకూడదన్న షరతు ఉంటుంది. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం ఆ షరతు మీరి చేసిన అమ్మకం చెల్లదు. తహసీల్దారు భూమిని వెనక్కి తీసుకోవచ్చు. కొన్నవాళ్ల మీద కేసు పెట్టడానికీ ఆ చట్టంలో వీలుంది.

ఆయన చెప్పే "ఇరవయ్యేళ్ల" మాటలో సగం నిజం ఉంది. 2023లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని సవరించి, పట్టా పొంది ఇరవయ్యేళ్లు దాటిన అసలు పట్టాదారులకు, వారి వారసులకు పూర్తి హక్కు దక్కేలా చేసింది. అయితే అది ఇరవయ్యేళ్లు నిండగానే దానంతట అదే వచ్చే హక్కు కాదు. అధికారులు పరిశీలించి ఆ సర్వే నంబరును 22ఏ నిషేధ జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) నుంచి తీసేయాలి. అలా తీసేసిన భూముల మీద కూడా 2024లో విచారణ మొదలై రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. కాబట్టి ఆయన్ని ఒకే ఒక్క ప్రశ్న అడగండి: అమ్ముకునే హక్కు నిజంగా వచ్చి ఉంటే నోటరీ దగ్గరికి ఎందుకు, సబ్ రిజిస్ట్రార్ దగ్గరికే పోదాం రండి అని. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు కొడితే భూమి నిషేధ జాబితాలో ఉందో లేదో మీ ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. సర్వే నంబరు చెప్పడానికే ఆయన నసిగితే ఇక చూడాల్సిన పని కూడా లేదు.

నోటరీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు సైతం ఇక్కడ బోల్తాపడుతున్నారు. నోటరీ చేసేది మీరు ఆయన ఎదుట సంతకం పెట్టారని ధ్రువీకరించడం వరకే. ఆ ముద్రతో హక్కు చేతులు మారదు. వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టర్డ్ దస్తావేజు ఉండి తీరాలని ఆస్తి బదిలీ చట్టంలోని 54వ సెక్షను చెబుతోంది. అమ్మకపు ఒప్పందాలు, జీపీఏలు (తన తరఫున వ్యవహరించమని ఓనరు రాసిచ్చే అధికార పత్రాలు) చేతిలో ఉన్నంత మాత్రాన యజమాని కారని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది.

సరే, అది జిరాయితీ భూమే, అంటే అమ్ముకునే హక్కున్న సొంత భూమే అనుకుందాం. అప్పుడు కూడా సముద్రం పక్కన కొనేవాళ్లకు ఇంకో గండం ఉంది, సీఆర్‌జెడ్. పోటు సమయంలో నీళ్లు వచ్చే గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల దాకా తీర నియంత్రణ మండలమే. వాడరేవు లాంటి పంచాయతీ తీరాలు సాధారణంగా ఇందులో మూడో వర్గంలోకి వస్తాయి. అక్కడ 2011 నోటిఫికేషన్ ప్రకారం మొదటి 200 మీటర్లు కొత్త నిర్మాణాలు నిషేధం. 2019 నోటిఫికేషన్ దీన్ని కొంత సడలించి, 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్న చోట్ల నిషేధాన్ని 50 మీటర్లకు తగ్గించింది, మిగతా చోట్ల 200 మీటర్లే ఉంచింది. కొత్త సడలింపు కావాలంటే ఆ నోటిఫికేషన్ ప్రకారం తయారైన తీర పటానికి ఆమోదం ఉండాలి. ఏజెంటు టేపు పట్టి కొలిచి చూపించే దూరానికి విలువ లేదు. రేఖ ఎక్కడుందో తేల్చేది రాష్ట్ర తీర మండల నిర్వహణ సంస్థ పటం. 1:4000 స్కేలులో సర్వే నంబర్లతో ఉంటుంది, అందులో మీ నంబరు వెతకాలి. ఉప్పుటేరు పక్కనున్న స్థలమైతే పోటు నీళ్లు ఎక్కే ఆ ఏరు ఒడ్డుకు కూడా ఇలాంటి హద్దే ఉంటుంది.

తీరంలో మత్స్యకారుల ఇళ్లు కనబడుతున్నాయి కదా, మనకెందుకు కుదరదు అని చాలామంది అడుగుతారు. నిషేధ హద్దులో ఆ ఇళ్లకు ఇచ్చిన మినహాయింపు సముద్రం మీద బతికే సంప్రదాయ కుటుంబాల కోసం. వాళ్ల పెంకుటిల్లు కొన్నంత మాత్రాన దాన్ని పడగొట్టి శ్లాబు వేసుకునే హక్కు రిటైర్డ్ హెడ్మాస్టరుకు రాదు.

పంచాయతీ ప్లాను ఇచ్చింది, బ్యాంకు లోను ఇచ్చింది అన్నా సరిపోదు. కేరళలో కొచ్చి పక్కన మరడులో నాలుగు అపార్టుమెంట్ సముదాయాలకు స్థానిక సంస్థ అనుమతులు ఉన్నాయి, కొన్నవాళ్ల పేర రిజిస్ట్రేషన్లు ఉన్నాయి. సీఆర్‌జెడ్ ఉల్లంఘన అని 2019 మేలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో వాటిని పేలుడు పదార్థాలతో కూల్చేశారు. ఫ్లాటుకు 25 లక్షల చొప్పున మధ్యంతర పరిహారం ఇప్పించారనుకోండి, మీ మూడు సెంట్ల నోటరీ కాగితానికి అంత దూరం పోరాడే ఓపిక మీకుందా?

5 లక్షల పోర్షన్ సంగతికొద్దాం. డబ్బు తీసుకుని వడ్డీకి బదులు ఇల్లు అనుభవించమనడం చట్టరీత్యా స్వాధీన తాకట్టు. అది చెల్లాలంటే ఓనరు సంతకం, ఇద్దరు సాక్షులు, రిజిస్ట్రేషన్ ఉండాలి. ఓనరు తెల్ల కాగితం మీదో, స్టాంపు పేపరు మీదో రాసిస్తే మీరు ఆయనకు చేబదులు ఇచ్చిన వ్యక్తితో సమానం, ఇంటి మీద మీకు పట్టు ఉండదు. ఆ ఇంటి మీద అప్పటికే బ్యాంకు లోను ఉండి అది మొండిబాకీ అయితే, బ్యాంకు సర్ఫేసీ చట్టం కింద వేలానికి పెడుతుంది. ముందు తాకట్టు బ్యాంకుదే కాబట్టి మీరు సామాను సర్దుకోవాల్సిందే. అందుకే రిజిస్టర్డ్ తాకట్టు, ఈసీ (ఆస్తి మీద ఉన్న తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం) లేకుండా 5 లక్షలు కదపకండి.

పైగా లెక్క కూడా కలవడం లేదు. అదే 5 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 8.2 శాతానికి వేస్తే ఏడాదికి 41 వేలు వస్తుంది. నెలకు 6 వేల చొప్పున నాలుగు నెలల అద్దె 24 వేలు. ఇక "అద్దె లేకుండా" ఎలా అయింది?

అద్దె ఒప్పందానికి వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో గడువు ఎంతైనా సరే లీజు పత్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీది నాలుగు నెలలే అయినా ఆ బెడద తప్పదు, సరైన స్టాంపు పేపరు మీద రాసుకుని రిజిస్టరు చేయించండి. ఏటా కొత్తగా రాసుకోండి, పాత కాగితాన్ని పొడిగించుకుంటూ పోవద్దు. అడ్వాన్సు రెండు నెలలకు మించి ఇవ్వకండి, అదీ బ్యాంకు ద్వారానే. దిగే రోజు, ఖాళీ చేసే రోజు తేదీలతో సహా ఉండాలి. కార్తీక మాసంలో సముద్ర స్నానాలకు జనం వచ్చి రోజు అద్దెలు పెరుగుతాయి. "మావాళ్లు వస్తున్నారు, పది రోజులాగి రండి" అనే ఓనర్లు అప్పుడే తేలతారు. తాళంచెవి ఏ తేదీన ఇవ్వాలో, ఇవ్వకపోతే రోజుకు ఎంత తగ్గించాలో రాయించండి. దిగిన రోజే కరెంటు మీటరు రీడింగు, గోడల తేమ, తుప్పు పట్టిన గ్రిల్స్ ఫోన్లో ఫొటో తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి. ఉప్పుగాలికి తిన్నదంతా మీ అడ్వాన్సులో కోయకుండా అదే సాక్ష్యం. ట్యాపు తిప్పి నీళ్లు నోట్లో పోసుకుని కూడా చూడండి, ఇది చట్టానికి సంబంధం లేని సలహా.

తుపాను గురించి ఒక నిబంధన వేరుగా పెట్టించండి. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం గాలివాన, వరద వల్ల ఇల్లు నివాసానికి శాశ్వతంగా పనికిరాకుండా పోతే లీజు రద్దు చేసుకునే హక్కు అద్దెదారుకు ఉంది. కానీ కప్పు రేకులు లేచిపోయి పది రోజులు కరెంటు లేకపోవడం "శాశ్వతం" కిందికి రాదు. ఆ రోజుల అద్దె మినహాయింపును ఒప్పందంలోనే రాసుకోవాలి. నోటీసు ఇచ్చినా ఓనరు తాను చేయించాల్సిన రిపేరు చేయించకపోతే, మీరు చేయించి అద్దెలో తగ్గించుకునే వీలు కూడా అదే సెక్షనులో ఉంది. నన్నడిగితే నవంబరు వద్దే వద్దు. 1977 దివిసీమ ఉప్పెన నవంబరు 19న వచ్చింది. మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5న మీరనుకుంటున్న బాపట్ల తీరంలోనే దాటింది. డిసెంబరు సగం నుంచి మార్చి సగం దాకా పెట్టుకోండి.

ఓటుకు, పింఛనుకు టెన్షన్ అక్కర్లేదు. తాత్కాలికంగా వేరే ఊళ్లో ఉన్నంత మాత్రాన సాధారణ నివాసం మారదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతోంది. చీరాలలో కూడా ఓటు రాయిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, రెండు చోట్ల నమోదు నేరం. పింఛను బ్యాంకులో పడుతూనే ఉంటుంది. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ తేదీ చలికాలంలోనే వస్తుంది కాబట్టి ఫోన్లో ఇచ్చే పద్ధతిని బయల్దేరే ముందే నేర్చుకోండి.

మిగిలింది ఆ 20 వేలు. భూమి నిషేధ జాబితాలో ఉన్నట్టు తేలితే, ఆ పేజీని తేదీతో ప్రింటు తీసుకోండి. "ఇది అమ్మకూడని భూమి అని నాకు ఇప్పుడే తెలిసింది, 15 రోజుల్లో నా బయానా తిరిగి ఇవ్వండి" అని రాసి అక్నాలెడ్జ్‌మెంటుతో స్పీడ్ పోస్టులో పంపండి. చెల్లదని తర్వాత తెలిసిన ఒప్పందం కింద తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం 65వ సెక్షను చెబుతోంది. ఫోన్‌పే స్టేట్‌మెంటు, ఆయనతో నడిచిన వాట్సాప్ సంభాషణ చెరిపేయకండి. ఇది చదివాక కూడా మిగతా సొమ్ము కడితే మాత్రం, "నాకు తెలియదు" అన్న మాట ఇక ఏ కోర్టులోనూ చెల్లదు.