1926 నాటి ఇల్లు అద్దెకివ్వాలంటే: లెడ్ సర్టిఫికెట్ కంటే ముందు కిటికీలు చూడండి

న్యూజెర్సీలో 1926లో కట్టిన టూ ఫ్యామిలీ ఇల్లు కొని రెండు పోర్షన్లూ అద్దెకివ్వాలనుకుంటున్నామని, కాంట్రాక్ట్ మీద సంతకాలు ఇంకా కాలేదని రాశారు. పాత రంగుల్లో ఉండే లెడ్, అంటే సీసం, వల్ల ఇంట్లో ప్రమాదం లేదని చెప్పే లెడ్ సర్టిఫికెట్ కావాలన్నారని, పాత రంగంతా గీకేసి తక్కువలో కొత్త పెయింట్ వేసిస్తానని ఒక హ్యాండీమ్యాన్ అంటున్నాడని, ఒప్పుకోవచ్చా అని అడిగారు.

వద్దండి. ఆ పని మాత్రం చేయించకండి. నేను చేయించాను.

2018లో మేమూ అలాంటి ఇల్లే కొన్నాం. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇల్లు కొనేవాళ్లకి లెడ్ తనిఖీ చేయించుకోవడానికి పది రోజుల గడువు ఫెడరల్ చట్టమే ఇస్తుంది. మిగతా కాగితాల హడావుడిలో ఆ గడువు నాకు అక్కర్లేదని సంతకం పెట్టేశాను. తర్వాత కిటికీల రంగు పెచ్చులూడుతోందని ఒకతన్ని పెట్టి సాండర్‌తో నున్నగా రుద్దించి తెల్ల రంగు వేయించాను. ఇల్లు కొత్తదానిలా కనిపించింది. పై పోర్షన్‌లోకి మన తెలుగువాళ్లే వచ్చారు, పాకుతున్న పిల్లాడితో.

వాడికి ఏడాది నిండాక అందరు పిల్లలకీ చేసే రక్త పరీక్షలో లెడ్ డెసిలీటరుకి 11 మైక్రోగ్రాములు వచ్చింది. అప్పట్లో 5 వస్తే ఎక్కువ కింద లెక్క. 2021లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ దాన్ని 3.5కి దించింది. అసలు ఇంత వరకు ఉంటే పర్వాలేదు అనే మోతాదే లేదు. సీసం పిల్లల మెదడు మీద పనిచేస్తుంది, అదీ బయటికి ఏ లక్షణమూ కనిపించకుండా. వాళ్లమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇంట్లో ఏమైనా ఉందేమో ఒకసారి చూస్తారా" అంది. కోప్పడలేదు. నాకు నోట మాట రాలేదు.

హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చినామె ముందు వంటింట్లో పసుపు, కారం, దేవుడి దగ్గర కుంకుమ, పిల్లాడి కాటుక అడిగి చూసింది. మనవాళ్ల ఇళ్లలో వాటి ద్వారా కూడా సీసం వచ్చిన సందర్భాలున్నాయి, మీరూ ఆ సంగతి గుర్తుంచుకోండి. ఇక్కడ వాటిలో ఏమీ తేలలేదు. తర్వాత హాల్లో కిటికీ దగ్గరికి వెళ్లి కింది రెక్క పైకెత్తింది. రెక్క దిగి కూర్చునే గాడిలో ముగ్గుపిండిలా సన్నటి తెల్లటి పొడి. ఆ పొడిలో ఒక బొమ్మ కారు, దాని చక్రాల గీతలు. పిల్లాడు రోజూ ఆడుకునేది అక్కడే.

గోడ మీద గట్టిగా అంటుకుని ఉన్న పాత రంగుతో అంత భయం లేదు. పొడి అయితేనే ప్రమాదం. చెక్క కిటికీ ఎత్తి దించిన ప్రతిసారీ పాత పొరలు రాసుకుని ఆ పొడి రాలుతుంది. నేను సాండర్ పెట్టించి దాన్ని ఇల్లంతా చల్లించాను.

మీ హ్యాండీమ్యాన్‌ని లెడ్ సేఫ్ సర్టిఫికేషన్, అంటే సీసం ఉన్న రంగుతో జాగ్రత్తగా పనిచేయడం నేర్చుకున్నట్టు కాగితం, చూపించమని అడగండి. 1978కి ముందటి ఇంట్లో డబ్బు తీసుకుని పనిచేసేవాళ్లకి అది ఉండాలని 2010 ఏప్రిల్ నుంచి ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) నిబంధన. ఒక గదిలో ఆరు చదరపు అడుగులకి మించి రంగు కదిలిస్తే వర్తిస్తుంది, కిటికీలు మారిస్తే ఆ కొలతతో పని లేకుండానే వర్తిస్తుంది. సన్నటి దుమ్మును పట్టే హెపా ఫిల్టర్ లేని సాండర్ వాడనే కూడదు. పోనీ మనమే చేసుకుందామన్నా కుదరదు, అద్దె ఇంట్లో ఓనర్‌కీ ఇదే రూలు. ఆ దెబ్బ తర్వాత నేను ఎనిమిది గంటల క్లాసుకి వెళ్లి సర్టిఫికేషన్ తీసుకున్నాను.

ఇక న్యూజెర్సీ చట్టం. 2022 జూలై 22 నుంచి అమల్లో ఉంది. పాత అద్దె ఇళ్లకి మూడేళ్లకోసారి తనిఖీ. ఈలోగా టెనెంట్ మారినప్పుడు చేతిలో చెల్లే సర్టిఫికెట్ లేకపోతే అప్పుడూ చేయించాలి. సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది, కాపీ టెనెంట్‌కి ఇవ్వాలి. ఇన్‌స్పెక్షన్ ఖర్చు కాక యూనిట్‌కి 20 డాలర్ల ఫీజు. పట్టించుకోకపోతే సరిదిద్దుకోవడానికి 30 రోజులిస్తారు, అప్పటికీ కదలకపోతే వారానికి 1,000 డాలర్ల దాకా జరిమానా. ఇది కాక లీజు రాసేముందు ఇంట్లో లెడ్ గురించి మీకు తెలిసింది చెప్పే ఫెడరల్ డిస్‌క్లోజర్ ఫారం, ఈపీఏ పాంఫ్లెట్ ఇచ్చి సంతకాలు తీసుకుని మూడేళ్లు దాచాలి.

ఒక్క విషయం బాగా గమనించండి. కొన్ని ఊళ్లలో కంటితో చూసి సరిపెడతారు, కొన్నిచోట్ల తడి వైప్‌తో తుడిచి దుమ్ము ల్యాబ్‌కి పంపుతారు. మీ ఊళ్లో కంటి చూపు చాలన్నా మీ డబ్బుతో దుమ్ము పరీక్ష చేయించండి. నేను రంగేయించిన రోజు ఎవరైనా వచ్చి చూసి ఉంటే మా ఇల్లు పాసయ్యేది.

పిల్లలున్నవాళ్లకి ఇవ్వకండి, గొడవే ఉండదు అని సలహా ఇచ్చేవాళ్లు మీకూ తగులుతారు. ఓనర్ ఉండని ఇలాంటి ఇంట్లో అలా కాదనడం ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం నేరుగా వివక్షే. పైగా ఈరోజు పిల్లలు లేని జంటకి వచ్చే ఏడు ఉండొచ్చు కదా.

నీళ్ల పైపు కూడా సీసందేమో మీటరు దగ్గర చూడండి. కాచినంత మాత్రాన నీళ్లలో సీసం పోదు, ఇది మనవాళ్లకి గట్టిగా చెప్పాలి.

మా ఇంట్లో పదకొండు కిటికీలూ సర్టిఫైడ్ కాంట్రాక్టర్‌తో తీయించి మార్పించాను. ఆ పనంతా అయ్యేదాకా వాళ్లకి వేరేచోట బస ఏర్పాటు చేశాను. పిల్లాడి లెవెల్ నెలల తరబడి మెల్లగా దిగింది. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు, బాగానే ఉన్నాడు. అయినా వాళ్లమ్మ కనిపించినప్పుడల్లా ముందు వాడి చదువు గురించే అడుగుతాను.

మీకింకా సంతకాలు కాలేదు కాబట్టి ఆ పది రోజులు వదులుకోకండి. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు నేలతో పాటు కిటికీ గాడుల్లోంచి కూడా శాంపిల్ తీయమని మీరే అడగండి.