సంక్రాంతికి బోర్డులతో వస్తానన్న మేనల్లుడికి

చి॥ నానికి,

మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పండక్కి నువ్వూ, నీ స్నేహితులిద్దరూ సర్ఫింగ్ బోర్డులు వేసుకుని కళింగపట్నం వస్తారట. రుషికొండలో నాలుగు నెలలు నేర్చుకున్నావట కదా, సంతోషం. ఫోన్లో చెబితే సగం విని "సరే మావయ్యా" అనేస్తావు. అందుకని రాస్తున్నాను.

"వానల్లేవు, తుపాన్ల కాలం పోయింది, సముద్రం చెరువులా ఉంటుంది కదా" అన్నావట. చాలా రోజులు అలాగే ఉంటుంది, కాదనను. కానీ నువ్వు ఆకాశాన్ని చూసి సముద్రానికి మార్కులు వేస్తున్నావు. మన వైపు వాన చాలామటుకు జూన్ నుంచి అక్టోబరు లోపే పడిపోతుంది. ఈశాన్య రుతుపవనాలు నెల్లూరు మీద కురిసినట్టు మన మీద కురవవు. సంక్రాంతికి ఉద్దానంలో జీడిమామిడి పూత మీద మంచే గానీ వాన చుక్క కనపడటం అరుదు. మన ఒడ్డున విరిగే కెరటం మాత్రం ఇక్కడే పుట్టాలని లేదు. ఎక్కడో హిందూ మహాసముద్రం దక్షిణ కొసన పెద్ద గాలి రేగితే, ఆ ఊపు రోజుల తరబడి ప్రయాణం చేసి మన దాకా వస్తుంది. అది వచ్చేసరికి ఇక్కడ ఎండ కాస్తూ ఉంటుంది, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తూ ఉంటారు. తమిళనాడు వైపు వాయుగుండం పట్టినా అంతే, ఇక్కడ మబ్బు లేకుండానే కెరటం లేస్తుంది.

అందుకని వాన ఉందా లేదా అని చూడకు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు సముద్రం ఎలా ఉంటుందో రోజూ చెబుతారు, మా బోట్ల వాళ్లందరం ఫోన్లో చూసేది అదే. అందులో కెరటం ఎత్తు ఒక్కటే చూసి ఊరుకోకు. ఒక కెరటానికీ తర్వాతి కెరటానికీ మధ్య ఎన్ని సెకన్లో కూడా ఉంటుంది. మీటరు ఎత్తు, ఆరు సెకన్లు అంటే దగ్గర్లో గాలి లేపిన చిల్లర కెరటం. అదే మీటరు ఎత్తు, పద్నాలుగు సెకన్లు అంటే దూరం నుంచి వచ్చింది, దానికి రెట్టింపు పైనే బలం ఉంటుంది. అంకె ఒకటే కదా అని దిగావంటే దెబ్బ తింటావు. కళింగపట్నం పోర్టులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగిరినా సరే, బోర్డు మా అరుగు మీదే ఉంచి గారెలు తిను.

ఇక గాలి. చలికాలంలో నీకు నిజంగా కలిసొచ్చేది ఇదే. మన ఒడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా పోతుంది, సముద్రం ఆగ్నేయం వైపు. రాత్రంతా నేల చల్లబడుతుంది కాబట్టి తెల్లవారుజామున గాలి ఊరి మీంచి నీళ్లలోకి పోతుంది. ఆ గాలికి కెరటం ముఖం నున్నగా ఉంటుంది, వెంటనే కూలిపోకుండా కాసేపు నిలబడుతుంది. మీ అత్త పొయ్యి వెలిగించినప్పుడు పొగ సముద్రం వైపు వాలిందంటే బోర్డు తియ్యి. ఎండెక్కాక, తొమ్మిదిన్నర పదికల్లా గాలి ఆగి, ఆ తర్వాత సముద్రం వైపు నుంచి మొదలవుతుంది. దానికి ఈశాన్యం గాలి కూడా తోడైతే నీళ్లు గజిబిజి అయిపోతాయి. మధ్యాహ్నం భోజనం చేసి దిగుతానంటే నవ్వుతాను. ఏ యాప్ అయినా గాలిని పెద్ద గళ్లు గీసి చెబుతుంది, మా వీధి పొగ సంగతి దానికి తెలీదు.

పొగమంచు పట్టిన రోజు మాత్రం దిగొద్దు. ఎండ వచ్చి లైట్‌హౌస్ స్పష్టంగా కనపడేదాకా ఆగు. మంచు పట్టి ఉన్న ఆ వేళకే వలలు తీసుకుని బోట్లు ఒడ్డుకి వస్తుంటాయి. మంచులో నీ తలకాయ వాళ్లకి కనపడదు.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నా. ఒడ్డు మీద నిలబడి అరగంట ఊరికే చూడు. కెరటాలు వరసగా విరుగుతూ మధ్యలో ఒకచోట విరగవు. అక్కడ నీళ్లు కాస్త మట్టి రంగులో ఉంటాయి, నురగ లోపలికి పోతూ ఉంటుంది. కొత్తవాడి కంటికి దిగడానికి అదే మంచి చోటులా కనిపిస్తుంది. ఒడ్డుకి చేరిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. మేము తెప్ప దించేది అక్కడే, ఎందుకంటే మాకు లోపలికి పోవాలి. నీకు మళ్లీ ఒడ్డుకి రావాలి కదా!

నాకు ముప్ఫై ఏళ్లప్పుడు ఒక మాఘమాసంలో, నీలంగా ఆకాశం, గాలే లేదు, తెడ్డు జారి నీళ్లలో పడింది. అందుకుందామని సరిగ్గా ఆ సందులోనే దూకాను. తెడ్డు పోయింది, నేనూ దాని వెనకాలే పోతున్నాను. ఒడ్డుకేసి ఈదుతున్నా, ఒడ్డు దూరమవుతోంది. మీ తాతయ్య గట్టు మీద నిలబడి రెండు చేతులూ పక్కకి ఊపుతున్నాడు. తిడుతున్నాడనుకున్నాను. పక్కకి ఈదమంటున్నాడని తెలిసేసరికి భుజాలు పనిచెయ్యడం మానేశాయి. వెనక వచ్చిన తెప్ప వాళ్లు జుట్టు పట్టుకుని లాగారు. నిన్ను లాగితే బోర్డు వదలకు, దాని మీద పడుకుని ఒడ్డు వెంబడి పక్కకి తెడ్డేసుకుంటూ పో. కెరటాలు విరిగే చోటుకి చేరావంటే అవే నిన్ను ఒడ్డుకి తోస్తాయి.

వంశధార మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, దాని జోలికి పోకు. గొట్టా బ్యారేజీ దగ్గర నీళ్లు కాలువలకి మళ్లుతాయి కాబట్టి ఈ రోజుల్లో నది సన్నగా, పసిపిల్లలా ఉంటుంది. కానీ పోటుకి సముద్రమే మొగలోకి ఎక్కి, ఆటుకి ఒక్కసారిగా దిగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆ లాగుడు చూస్తే మాకే గుండె జారుతుంది. పైగా ఇసుక ఒకచోట ఉండదు. నైరుతి గాలికి ఉత్తరానికి, ఈ కాలంలో దక్షిణానికి నడుస్తుంది. మే నెలలో నువ్వు మోకాలి లోతులో నిలబడ్డ చోటు ఇప్పుడు ఉంటుందని నేను హామీ ఇవ్వలేను.

చింతపల్లి బీచ్ వైపు వెళ్తామని నీ స్నేహితుడు అన్నాడట. అక్కడ రాళ్లున్నాయి, ఇంకో ఏడాది ఆగండి. బారువ చూడ్డానికి బాగుంటుంది, వెళ్లండి. ఈ నెలల్లో రాత్రిపూట తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఇసుకలోకి వస్తాయి, టార్చిలు వేసి వాటిని కంగారు పెట్టకండి. పెద్దవల లాగుతున్న చోట తాడు దాటి నీళ్లలోకి దిగొద్దు. నీ కాలికి కట్టిన తాడు వలలో చిక్కితే నీకూ ప్రమాదం, వాళ్లకీ ఒక పూట కూడు పోతుంది.

కెరటం నడుము ఎత్తు కూడా లేదని ముఖం మాడ్చుకోకు. నాలుగు నెలల చదువుకి అది చాలు. పెద్దవి కావాలంటే తర్వాత రావచ్చు, అప్పటికి నీ భుజాలు కూడా గట్టిపడతాయి.

తెల్లవారుజామున విశాఖ నుంచి బండి తీసి హైవే మీద మంచులో రావొద్దు. ముందురోజు సాయంత్రమే వచ్చి మా ఇంట్లో పడుకోండి. పొద్దున నీళ్లు వెచ్చగానే ఉంటాయి, పైకి వచ్చాకే వణుకు. మందపాటి తువ్వాలు తెచ్చుకో, పోయినసారి తీసుకెళ్లిన నా దుప్పటి కూడా తెచ్చెయ్యి. రథసప్తమి దాకా ఉంటానంటే ఉండు గానీ, ఆ రోజు అరసవల్లి రోడ్డు మీద బోర్డు కట్టిన కారు కదలదు.

ఎంతమంది వస్తున్నారో మీ అత్తకి ముందే చెప్పు.

మీ మావయ్య