అన్ని సంఘాలవాళ్ళూ కలిసి చదివే కాలేజీలో చేరితే మన సిద్ధాంతం మీద పట్టు పోతుందా?

మీది బాప్టిస్టు సంఘమని, మీ తమ్ముడు బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టర్ల చదువు) చదువుతానంటున్నాడని, వేరే సంఘాలవాళ్ళతో కలిసి చదివితే మారిపోతాడేమోనని అడిగారు. నేనూ ఒంగోలు వైపు బాప్టిస్టునే. 1878లో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న కథ వింటూ పెరిగినవాడిని. హైదరాబాదులో ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీలో చదివాను. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకు వచ్చిన కాలేజీ అది. లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళు అందరూ అక్కడే. డిగ్రీ ఇచ్చేది సేరంపూర్ సెనేట్, అంటే ఇలాంటి వేదాంత కాలేజీలకు డిగ్రీలిచ్చే సంస్థ. నాకు పట్టు పోలేదు, పెరిగింది.

హాస్టల్లో నా గదిలో ఉన్న కుర్రాడు భీమవరం వైపు లూథరన్, నేను తమ్ముడనే పిలిచేవాడిని. చంటిపిల్లల బాప్తిస్మం గురించి మేం అర్ధరాత్రి దాకా వాదించుకునేవాళ్ళం. విశ్వాసం ఒప్పుకోలేని పసివాడికి బాప్తిస్మం ఏమిటని నేను, కృప ముందు వస్తుంది, ఒప్పుకోలు తర్వాత వస్తుందని అతను.

ఒక శనివారం ఇద్దరం ఆసుపత్రిలో రోగులను పలకరించడానికి వెళ్ళాం. మెదక్ వైపు నుంచి వచ్చిన సీఎస్ఐ కుటుంబం. నెల తక్కువ బిడ్డ, ఇక ఆశ లేదని డాక్టర్లు చెప్పేశారు. వాళ్ళ అయ్యగారు, అంటే పాస్టరు, ఊళ్ళో ఉన్నారు, వచ్చేసరికి తెల్లారుతుంది. ఆ తల్లి నా వైపే చూసి, "అయ్యగారూ, మా బాబుకు బాప్తిస్మం ఇయ్యండి" అంది. నేను రెండేళ్ళుగా వాదించిన మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

తమ్ముడు మెల్లగా, "అన్నా, నీళ్ళు తీసుకురా" అన్నాడు. అతనికీ ఇంకా పాదిరిగా అభిషేకం కాలేదు. కానీ ప్రాణం పోయే వేళ పాదిరి దొరక్కపోతే ఏ విశ్వాసి అయినా ఇవ్వవచ్చని వాళ్ళ సంఘం నేర్పుతుంది. నేను వాళ్ళ సీసాలోంచే స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి పట్టుకున్నాను. పేరేమిటని అడిగితే, ఆమె అప్పటికప్పుడు ఆలోచించుకుని ఒక పేరు చెప్పింది. అతను మూడుసార్లు వేళ్ళు తడిపి బిడ్డ తలమీద పెట్టాడు. బిడ్డ రాత్రే పోయాడు. పొద్దున్నే ఆమె మా ఇద్దరి చేతులూ పట్టుకుని, "పేరుతోటి పోయిండు" అని ఏడ్చింది.

నేను ఈరోజుకీ చంటిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వను. మా సంఘంలో ముంచే ఇస్తాను. ఎందుకలా ఇస్తామో ఇప్పుడు ఎవరడిగినా వాక్యం చూపించి చెప్పగలను, ఎందుకంటే దానికి ఎదురు చెప్పేవాడు రోజూ నా పక్క మంచం మీదే పడుకునేవాడు. మనవాళ్ళ మధ్యే చదివుంటే ఆ ప్రశ్నే నాకు వచ్చేది కాదు. ఇలా కలిసి చదివినవాళ్ళే సంఘాన్ని చీల్చకుండా కాస్తారని నా గట్టి నమ్మకం.

మీరు భయపడాల్సింది వేరే ఉంది. నాలుగు నెలల కోర్సు చేసి పేరు ముందు రెవరెండు, డాక్టరు రెండూ తగిలించుకునేవాళ్ళను చూస్తే నాకు కడుపు మండుతుంది. గ్రీకు, హెబ్రీ కోసం ఏళ్ళ తరబడి కష్టపడినవాడిని మాత్రం "చదువు ఎక్కువైంది, ఆత్మ తక్కువైంది" అంటారు. ఇంకో బాధ, పాఠాలకు చదివేదంతా ఇంగ్లీషులో, ప్రసంగించేది పల్లెటూరి తెలుగులో. మొదటి ఏడాది నేను నోట్సు తెలుగులోకి మార్చుకోవడానికే సగం రాత్రులు గడిపాను. మీ తమ్ముడికీ ఆ టెన్షన్ తప్పదు.

మీ సంఘం నుంచి సిఫారసు ఉత్తరం ఇప్పటినుంచే అడగమనండి. నాది పెద్దల కమిటీ గొడవల్లో చిక్కుకుని ఒక ఏడాది పోయింది. చేరాక హాస్టల్లో మనవాళ్ళ గదే కావాలని మాత్రం అడగొద్దని చెప్పండి.