పంచాయతీ సర్వేకు జనం ఎందుకు నోరు విప్పడం లేదు: కొత్త కార్యదర్శికి మేనమామ ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి, మీ మేనమామ ఆశీస్సులు.

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం ఇంటింటి సర్వే మొదలుపెట్టావు. తలుపులు తీస్తున్నారు గానీ నోరు విప్పడం లేదు. "ఎన్నిసార్లు రాసుకపోతరమ్మా, రాసుకపోయి ఏం జేస్తరు?" అంటున్నారు. జనంలో చైతన్యం లేదని నీ బాధ. ఉద్యోగమంతా మండలాల్లో లెక్కలు సేకరించడంలోనే గడిపినవాణ్ని కాబట్టి చెబుతున్నాను బిడ్డా, చైతన్యం ఉంది కాబట్టే ఆ ప్రశ్న వచ్చింది. ముందు దానికి జవాబు చెప్పు. ఆ తర్వాతే నీ ప్రశ్నలు అడుగు.

ఆ ఇంటి గడపలో కూర్చుని ఒకసారి చూడు. 2011లో జనగణన రాసుకున్నారు. ఆ వెనకే సామాజిక ఆర్థిక కులగణన వచ్చింది. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా సమగ్ర కుటుంబ సర్వే. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రభుత్వ పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తులు. 2024 నవంబరులో తలుపుకు స్టిక్కర్ అంటించి మళ్లీ ఇంటింటి కుల సర్వే. మధ్యలో పశువుల లెక్క, జ్వరాల లెక్క, మరుగుదొడ్ల లెక్క. 2027 జనగణన పని కూడా ఉండనే ఉంది. ఇన్నిసార్లు చెప్పిన ఆ ఇల్లాలికి "నువ్వు చెప్పినదాంతో మన ఊరి సంగతి ఇలా తేలిందమ్మా" అని తిరిగి వచ్చి చెప్పినవాళ్లు ఎంతమంది? అడగడానికి వచ్చేవాళ్లే గాని చెప్పడానికి వచ్చేవాళ్లు లేరు. ఆమె విసుగు అక్కడ పుట్టింది.

కాబట్టి ఈ వారం సర్వే ఆపు. ఆఫీసు బీరువా తెరిపించు. పంచాయతీ లెక్కలు రాసే కారోబార్‌ను అడుగు, నీకన్నా ముందు పనిచేసిన కార్యదర్శికి ఫోన్ చెయ్యి. గతంలో ఊళ్లో రాసుకున్న ప్రణాళిక కాగితాలు ఎక్కడో కట్టగట్టి ఉంటాయి. అప్పుడు జనం ఏం అడిగారు, అందులో ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు అన్నది ఒక్క పేజీలో రాసుకో. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి కదా, వచ్చే సభలో మొదటి అంశంగా అది చదివించు. కానిదాన్ని దాచిపెట్టకు. 15వ ఆర్థిక సంఘం కాలంలో (2021-26) పంచాయతీకి వచ్చిన కేంద్ర గ్రాంటులో 60 శాతం నీళ్లకూ పారిశుధ్యానికీ కేటాయించి ఉండేది, దాన్ని సీసీ రోడ్డుకు మళ్లించే వీలు లేదు. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. డబ్బు ఉండి కూడా వేయలేదనుకుంటారు. డప్పు చాటింపు వేయించేటప్పుడు "సర్వే ఉంది, సహకరించండి" అని వేయించకు. "పోయినసారి మీరు అడిగిన పనులు ఏమైనవో చెప్తరు, రండి" అని వేయించు. వచ్చే మనుషుల్లో తేడా నీకే కనబడుతుంది.

ఇక భయం సంగతి. ఇది విసుగుకన్నా పెద్దది.

2014 నాటికి నువ్వు బడిపిల్లవి. సమగ్ర కుటుంబ సర్వే జరిగిన ఆ ఒక్కరోజు రాష్ట్రమంతా సెలవు, బస్సులు బంద్, దుకాణాలు బంద్. ముంబై, భివండీలలో పనిచేసుకునేవాళ్లు రైళ్లలో కిక్కిరిసి సొంతూళ్లకు వచ్చారు. కోటికి పైగా కుటుంబాల వివరాలు ఒక్కరోజులో రాసుకున్నాం. దేశంలో అంతటి సర్వే ఒక్కరోజులో జరగడం మామూలు విషయం కాదు, ఆ పనిలో పాలుపంచుకున్నందుకు నాకిప్పటికీ గౌరవమే. కానీ అంతమంది ఎందుకు వచ్చారో కూడా చెప్పుకోవాలి. ఆరోజు ఇంట్లో లేకపోతే రేషన్ కార్డు పోతుంది, పింఛను ఆగిపోతుంది అన్న మాట ఊరూరా పాకింది. భయం మనిషిని గడప దాకా తెస్తుంది, నిజం మాత్రం చెప్పనివ్వదు. భయానికి ఆశ కూడా తోడైంది. ఒకే పొయ్యి మీద వండుకునే ఇల్లు కాగితం మీద రెండు కుటుంబాలయింది. బండి ఉన్నవాడు లేదన్నాడు. వాళ్లను తప్పుపట్టలేను. ఏది చెబితే ఏం పోతుందో తెలియనప్పుడు ఎవరైనా తక్కువే చెబుతారు.

నీ సర్వేతో ఎవరి కార్డూ తీసేసే పని లేదు. ఆ మాట గడపలో కూర్చోగానే, మొదటి ప్రశ్నకన్నా ముందే చెప్పాలి: "అమ్మా, ఇది నీళ్లు, మోరీలు, వీధి దీపాల కోసం. కార్డుకూ పింఛనుకూ దీనికీ సంబంధం లేదు." చెప్పడమే కాదు, నిలబెట్టుకోవాలి. రేపు పై ఆఫీసు నుంచి ఎవరైనా "మీ దగ్గర జాబితా ఉంది కదా, అనర్హుల్ని గుర్తించడానికి పంపండి" అంటే, ఎంపీడీవో దగ్గరికి వెళ్లి అభ్యంతరం చెప్పు. అది నిలబెట్టుకోలేననిపిస్తే ముందే ఆ హామీ ఇవ్వకు. జనగణనలో చెప్పినదాన్ని 1948 నాటి జనగణన చట్టం కాపాడుతుంది, రాసుకున్న మనిషి బయటపెడితే శిక్ష ఉంది. పంచాయతీ సర్వేకు అలాంటి చట్టం అండ లేదు. అక్కడ నీ మాటే ఆ ఇంటికి రక్ష.

అందుకే అక్కర్లేనిది రాసుకోకపోవడం మంచిది. మోరీ ఎక్కడ పొంగుతోందో తెలుసుకోవడానికి ఆధార్ నంబరు ఎందుకు? బ్యాంకు ఖాతా ఎందుకు? ఇప్పుడు ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఫోన్ నంబరు అడిగితే చాలు, గుండె దడదడలాడుతుంది. "ఓటీపీ అడగం, వేలిముద్ర అడగం, సంతకం అడగం" అని పంచాయతీ గోడ మీద పెద్దక్షరాలతో రాయించు. ఎవరెవరు ఏ వాడకట్టుకు వస్తారో వాళ్ల పేర్లూ ఫొటోలూ అక్కడే అంటించు. కాగితాలు బీరువాలో తాళంవేసి పెట్టు. 2024 జనవరిలో హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ మీద ప్రజాపాలన దరఖాస్తులు చెల్లాచెదురుగా పడిపోయిన వీడియో ఊళ్లలో ప్రతి ఫోన్‌లోకీ వచ్చింది. నీ మీద అనుమానం లేకపోయినా ఆ వీడియో వాళ్లకు గుర్తుంది.

ప్రశ్నలు తగ్గించు. 2024 నాటి కుల సర్వేలో ఉపప్రశ్నలు కలిపి 75 గళ్లు. ఆస్తులు, అప్పుల దగ్గరికి వచ్చేసరికి జనం ఆగిపోయారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. రాష్ట్ర సర్వేకు దాని అవసరాలు దానికి ఉంటాయి, నీకు అంత పత్రం అక్కర్లేదు. పది ప్రశ్నలు చాలు. అడిగే తీరు మాత్రం చూసుకో. "మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయా?" అంటే "వస్తున్నయి" అంటారు, పని అయిపోయింది. "నిన్న ఎన్ని బిందెలు పట్టుకున్నారు? తాగడానికి ఆ నీళ్లేనా, ప్లాంటు నుంచి క్యాన్ తెచ్చుకున్నారా?" అని అడిగి చూడు. ఆమె నిన్నటి రోజంతా చెబుతుంది. ఈ ప్రశ్న మొగాయన్ని అడగొద్దు. నల్లా దగ్గర నిలబడే మనిషిని అడగాలి. ఇంటిపెద్ద పేరు రాసుకోవడం అలవాటై మనవాళ్లు ప్రతిదీ ఆయన్నే అడుగుతారు, ఆయనేమో లోపలికి తిరిగి "ఏమే, నల్లా వస్తుందా?" అని అరుస్తాడు. గ్రామ సమాఖ్య సమావేశానికి వెళ్లి పొదుపు సంఘాల ఆడవాళ్లతో ప్రశ్నలు ముందే చదివించు. ఏది అర్థం కాలేదో, ఏది అడగకూడదో, ఏది మర్చిపోయావో వాళ్లు అక్కడికక్కడే చెబుతారు.

జనం లోతైన విషయాలు చెప్పరని ఎవరైనా అంటే నేను ఔరేపల్లి, దోకూరు పేర్లు చెబుతాను. ఉమ్మడి పాలమూరు జిల్లా ఊళ్లు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో అక్కడ అధ్యయనం మొదలుపెట్టింది. ఊరికి 40 కుటుంబాలు, భూమి ఉన్నవాళ్లు, లేనివాళ్లు. ఏం పండింది, ఎంత కూలి వచ్చింది, ఎవరి దగ్గర ఎంత అప్పు తెచ్చారు అన్నవి కొన్ని వారాలకోసారి, ఏళ్ల తరబడి ఆ కుటుంబాలు చెబుతూనే వచ్చాయి. అప్పు వివరాలు ఊరికే ఎవరూ చెప్పరు. అయినా చెప్పారు. ఎందుకంటే వివరాలు రాసుకునే మనిషి ఆ ఊళ్లోనే కాపురమున్నాడు. పొద్దున ఎదురుపడేవాడు, చావుకూ పెళ్లికీ కనబడేవాడు. ఇవాళ రాసుకుని రేపు మాయమయ్యే మనిషి కాదు. ప్రపంచంలో వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదివేవాళ్లు ఈ రెండు పల్లెల లెక్కల మీద పరిశోధనలు చేశారు. మన పాలమూరు రైతులు, కూలీలు ఇచ్చిన జవాబులవి. నాకు ఇది ఎంత గర్వమో చెప్పలేను.

నీకు అంత కాలం లేదు, కానీ అందులో పట్టుకోవాల్సింది ఉంది. సర్వేకు వెళ్లే మనిషి ఎదురుపడే మనిషై ఉండాలి. ఊళ్లోనే ఉండే ఇంటర్, డిగ్రీ చదివిన ఆడపిల్లలను తీసుకో. తండాకు తండా పిల్లే పోవాలి, లంబాడీ మాటల్లో ముసలమ్మ చెప్పేది వేరు, తెలుగులో "ఆ, బాగుంది" అని సరిపెట్టేది వేరు. ప్రతి వాడకట్టుకూ ఆ వాడకట్టు మనిషి ఒకరైనా ఉండాలి. వాళ్లకు ఇస్తామన్న డబ్బులు సర్వే ముగిసిన వారంలో చేతిలో పడేటట్టు చూడు. ఇక్కడ ఆలస్యం చేస్తే మరోసారి పిలిచినా రారు.

మొదలుపెట్టే చోటు కూడా ముఖ్యం. సర్వే అంటే గుడి దగ్గరో, పెద్దింటి అరుగు మీదో మొదలవుతుంది. ఎస్సీ కాలనీ, ఊరవతలి గుడిసెలు చేరేసరికి పొద్దుగూకుతుంది, పత్రాలు అయిపోతాయి, సగం అంచనాగా నింపేస్తారు. నువ్వు తిరగేసి చెయ్యి. మొదటిరోజు ఆ చివరి ఇంటి నుంచి మొదలుపెట్టి ఊరి నడుమకు రా. ఎవరినీ సర్పంచ్ ఇంటికో పెద్దమనిషి ఇంటికో పిలిపించి రాయించకు. ఆయన అరుగు మీద నిలబడి ఆయన పొలానికి పోయే దారి బాగాలేదనే చెబుతారు, తమ ఇంటిముందు మోరీ సంగతి చెప్పరు.

పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో పగలు ఇళ్లకు పోతే తాళాలే కనబడతాయి. ఉపాధి హామీ పని జరిగే చోటికి పోయి సర్వే గురించి చెప్పవచ్చు, అక్కడ రాసుకోవద్దు. పదిమంది వింటుండగా ఎవరూ ఇంటి సంగతి చెప్పరు, పైగా వాళ్ల కొలతల పని చెడుతుంది. వలస పోయినవాళ్లు బతుకమ్మ, దసరాకు వస్తారు. పండుగ అయిన మర్నాడు నుంచి నాలుగైదు రోజులు నీకు ఊరు మొత్తం దొరుకుతుంది. పండుగనాడు మాత్రం పోకు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పోతే కూర్చోబెట్టి టీ ఇస్తారు.

అన్నిటికన్నా పెద్ద పని సర్వే అయ్యాక ఉంది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీకి సామాజిక తనిఖీ మొదలైనప్పుడు ఇంటింటికీ తిరిగి తెలుసుకున్నది గ్రామసభలో పైకి చదివేవాళ్లు, తర్వాత మండలంలో ప్రజావేదిక, అంటే బహిరంగ విచారణ, పెట్టేవాళ్లు. చదువురాని కూలీ కూడా తన జవాబు మైకులో వినేవాడు, తప్పుంటే లేచి "అది కాదు" అనేవాడు. ఆ సభల్లో చివరిదాకా కదలకుండా కూర్చునే జనాన్ని చూశాను. నీ సర్వేకూ అదే చెయ్యి. ఒక తేడా ఉంది. అక్కడ కూలి డబ్బుల లెక్క కాబట్టి పేర్లు చదివారు. నువ్వు ఎవరి పేరూ చదవకు, వాడకట్టువారీగా చెప్పు. ఏ వాడకట్టులో నీళ్లు చాలడం లేదు, ఎక్కడ దీపాలు లేవు, ఎక్కడ మోరీ ఇళ్లలోకి వస్తోంది. ముగ్గుతో నేల మీద ఊరి పటం గీయించి, సమస్య ఉన్నచోట రాళ్లు పెట్టించు. వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకం నడిచిన రోజుల్లో సంఘాల ఆడవాళ్లు ఈ పటాలు అద్భుతంగా గీసేవారు, అప్పటి పెద్దవాళ్లు నీ ఊళ్లోనూ ఉంటారు, అడిగి చూడు. సభ అయిన పదిహేను రోజుల్లోపు ఒక్క పని, చిన్నదైనా సరే, పూర్తిచేసి చూపించు. రెండు బల్బులు వేయించినా చాలు, "మీరు సర్వేలో చెప్పింది ఇదే" అని ఆ వాడకట్టువాళ్లకు చెప్పు. పెద్ద పనులకు ఎంత సమయం పడుతుందో, ఎవరి చేతిలో ఉందో బోర్డు మీద రాయి.

జవాబు చెప్పనన్నవాళ్లతో వాదించకు. "చెప్పలేదు" అని రాసుకో, అదీ ఒక జవాబే. మళ్లీ ఒక అవకాశం మాత్రం ఉంచు. కుల సర్వేలో తప్పిపోయినవాళ్ల కోసం 2025 ఫిబ్రవరి 16 నుంచి 28 దాకా మరోసారి నమోదుకు వీలిచ్చారు కదా, అలాగే నువ్వూ ఆఫీసులో ఓ వారం సాయంత్రాలు కూర్చో. చదివిన సభ అయ్యాక పెట్టు ఆ వారం. తమ వాడకట్టు పేరు వినబడలేదని అప్పుడు వచ్చేవాళ్లు కొందరుంటారు. వాళ్ల ఇళ్లలో ఎవరినీ అడగకుండా మన సిబ్బంది ఊహించి రాసిన పత్రాలు ఉంటే చించేసి కొత్తవి రాయించు. లక్ష్యం పూర్తయిందని చూపించుకోవడానికి ఊహించి నింపే అలవాటు మాత్రం నీ పంచాయతీలోకి రానివ్వకు. పై అధికారి శాతం ఎందుకు తగ్గిందంటే తగ్గిందనే చెప్పు, ఎన్ని ఇళ్లు చెప్పలేదో, ఏ వాడకట్టులో చెప్పలేదో కూడా చెప్పు.

మున్సిపాలిటీలో పనిచేసే మీ స్నేహితురాలు కూడా అడిగిందన్నావు. పట్నంలో కష్టం వేరు. అపార్టుమెంట్లలో వాచ్‌మన్‌ను దాటి లోపలికి పోలేం, పోయినా తలుపులకు తాళాలు. అక్కడ కాలనీ సంఘం ద్వారా ముందు తెలియజేసి, ఫోన్‌లో నింపే వీలు ఇచ్చి, ఆదివారం పొద్దున వెళ్లమను. ఫోన్‌లో నింపేవాళ్లే ఎక్కువ కనబడి బస్తీ వెనకబడకుండా చూసుకోమను. బస్తీకి మనిషే పోవాలి. మిగతాదంతా పైన రాసిందే.

ప్రశ్నల పత్రం అచ్చుకు ఇచ్చే ముందు నాకు ఒక కాపీ పంపు. అత్తయ్య కూడా చూస్తానంటోంది, నీళ్ల ప్రశ్నలు ఆమెతో దిద్దిస్తాను. బీరువాలో పాత కాగితాలు దొరికితే వాటి ఫొటోలు కూడా పెట్టు, ఆ ఒక్క పేజీ ఇద్దరం కలిసి రాద్దాం.

ఇట్లు,
మీ మేనమామ