స్టీరింగ్ మోటారు ఇంట్లోనే మార్చుకుంటే ఎంత మిగులుతుంది?

ప్రశ్న: మా కారుకి తొమ్మిదేళ్లు. నెల రోజులుగా స్టీరింగ్ గుర్తున్న లైటు వెలుగుతోంది, పార్కింగ్ చేసేటప్పుడు స్టీరింగ్ బాగా బిగుసుకుపోతోంది. ఒక్కోసారి బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలైపోతుంది. షెడ్డులో చూసి, పవర్ స్టీరింగ్ మోటారు పోయింది, కాలమ్ (స్టీరింగ్ వీల్ నుంచి కిందికి వెళ్లే కడ్డీ, దాని చుట్టూ ఉండే భాగం) మొత్తం మార్చాలి అన్నారు. వాళ్లు చెప్పిన అంచనా నా నెల జీతంలో సగం. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ మోటారు అందులో నాలుగో వంతుకే దొరుకుతోంది. నాకు రెంచీలు పట్టడం అలవాటే కాబట్టి వీడియోలు చూసి నేనే బిగించుకుందామనుకుంటున్నాను. రెండు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి ఉంది కానీ దాన్ని ముట్టుకోవడం ఇష్టం లేదు. ఇంట్లో కుదరకపోతే క్రెడిట్ కార్డు మీద వాయిదాల్లో కట్టేయవచ్చా?

జవాబు: ముందు ఆ మోటారు కొనడం ఆపండి. మీరు రాసినవాటిలో డబ్బు పరంగా అన్నిటికంటే ముఖ్యమైన మాట, ‘మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలైపోతుంది’ అన్నది. మోటారు పూర్తిగా కాలిపోతే అలా వచ్చిపోతూ ఉండదు. వచ్చిపోయే లోపం మోటారుదే కావచ్చు. కానీ బలహీనపడిన బ్యాటరీ, తుప్పు పట్టిన టెర్మినల్, వదులైన ఎర్త్ వైరు, తేమ చేరిన కనెక్టర్, స్టీరింగ్‌ను ఎంత బలంగా తిప్పుతున్నామో కొలిచే, కాలమ్‌లో ఉండే టార్క్ సెన్సార్, వీటిలో ఏదైనా సరిగ్గా ఇలాగే ఇబ్బంది పెడుతుంది.

ఈ మోటారు నడిచేది బండిలోని 12 వోల్టుల బ్యాటరీ, ఆల్టర్నేటర్ల మీదే. బండి నిలబడి ఉండగా స్టీరింగ్ తిప్పితే అది ఒక్కసారిగా పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఆ క్షణంలో వోల్టేజి పడిపోతే మోటారును నడిపే కంట్రోల్ యూనిట్, స్టీరింగ్‌కి అందే సాయం తగ్గించేస్తుంది, లేదా ఆపేసి లైటు వెలిగిస్తుంది. మీ ఇబ్బంది ముఖ్యంగా పార్కింగ్‌లోనే వస్తోంది కాబట్టి ముందు అటువైపు చూడాలి. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే 14 అటూ ఇటూ చూపాలి. మల్టీమీటరు ఉంటే మీరే చూసుకోవచ్చు.

తర్వాత షెడ్డువాళ్లను రెండే ప్రశ్నలు అడగండి. స్కానర్‌లో (బండి కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాలను చదివే పరికరంలో) ఏ కోడ్ వచ్చింది? మోటారుకి సప్లై, ఎర్త్ సరిగ్గా అందుతున్నాయో లేదో కొలిచి చూశారా? తడబడకుండా జవాబు చెబితే మంచి మెకానిక్ దొరికినట్టే. ‘ఈ మోడల్‌కి మోటారే పోతుందండీ’ అని దాటేస్తే, వేరే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి లోపం కనిపెట్టడానికి మాత్రమే విడిగా డబ్బులిచ్చి చూపించండి. ఇంట్లో వాడే చవక స్కానర్‌ను నమ్ముకోవద్దు. వాటిలో చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి, స్టీరింగ్ జోలికి వెళ్లవు. ఊరికే చూసినందుకు డబ్బులెందుకివ్వాలని మనలో చాలామందికి ఉంటుంది. నా లెక్కలో మొత్తం రిపేరులో అతి చవకైన ఖర్చు అదే.

ఎలాగో చూడండి. షెడ్డు అంచనాను 100 అనుకుందాం. పార్టుకెంత, పనికెంత అని విడగొట్టి అడిగితే, ఇలాంటి పనిలో పార్టు వాటాయే పెద్దదని తెలుస్తుంది. ఉదాహరణకు పార్టు 75, పనికి, సెట్టింగుకి కలిపి 25 అనుకోండి. మీ సెకండ్ హ్యాండ్ మోటారు 25. టార్క్ రెంచి, మరికొన్ని పనిముట్లు, చివర్లో స్కానర్‌తో చేయించాల్సిన సెట్టింగు కలిపి ఇంకో 15 వేసుకోండి. అంటే ఇంట్లో చేసుకుంటే 40. చూడ్డానికి 60 మిగిలింది. కానీ మోటారు బిగించాక కూడా లైటు వెలుగుతూనే ఉంటే ఆ 40 పోయినట్టే, అసలు ఖర్చు అలాగే మిగిలి ఉంటుంది. సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రికల్ పార్టును బిగించాక వెనక్కి తీసుకునేవాళ్లు అరుదు.

ఇప్పుడు లోపం మోటారుదేనని తేలిందనుకుందాం. అదే మోటారును మీరే కొని, షెడ్డులో ఇచ్చి బిగించమంటే 25కి 25, అంటే 50 అవుతుంది. ఇంట్లో చేస్తే 40. తేడా పది! మీరు ఊహించుకున్న 60లో 50 మిగిల్చింది చవక పార్టే, మీ చేతిపని మిగిల్చింది మిగతా కాస్తే. ఈ రెండిటినీ కలిపేసి చూడటం వల్లే ఇంట్లో చేసుకోవడం అంత లాభంగా కనిపిస్తోంది. కస్టమర్ తెచ్చిన పార్టు బిగించడానికి కొన్ని షెడ్లు ఒప్పుకోవు, ఒప్పుకున్నా గ్యారంటీ ఇవ్వవు. ఇంకొన్ని చోట్ల అడగండి. నేనైతే సెకండ్ హ్యాండ్ దానికంటే కాస్త ఎక్కువైనా సరే, గ్యారంటీతో వచ్చే రీకండిషన్ చేసిన (పాతదాన్నే విప్పి బాగుచేసిన) పార్టు కొంటాను.

కాలమ్ మొత్తం మార్చాలి అన్నందుకు షెడ్డువాళ్లను వెంటనే అనుమానించకండి. కొన్ని మోడళ్లకు కంపెనీలు మోటారును విడిగా అమ్మవు. కొన్నిటికి మోటారు, కంట్రోల్ యూనిట్ కలిసే వస్తాయి. వేరే బండి నుంచి తీసిన యూనిట్‌ను మీ బండికి కోడింగ్ చేయాల్సి (మీ బండి కంప్యూటర్ గుర్తించేలా సెట్ చేయాల్సి) రావచ్చు, కొన్నిటికి అది కుదరదు కూడా. అందుకే పార్టు నంబరు చివరి అక్షరం దాకా కలిసిందో లేదో చూసుకోకుండా ఆన్‌లైన్‌లో రూపాయి కూడా కట్టొద్దు. ఇంకొకటి, కంపెనీ వెబ్‌సైటులో మీ ఛాసిస్ నంబరు కొట్టి రీకాల్ (లోపమున్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచేయడం) ఏమైనా ఉందేమో చూడండి. పవర్ స్టీరింగ్ లోపాల మీద చాలా కంపెనీలు రీకాల్స్ ప్రకటించాయి. మీ బండి అందులో ఉంటే సాధారణంగా ఖర్చు మీది కాదు.

ఇంత చెప్పినా మీ చేతులు ఊరుకోకపోతే, ముందు మీ బండిలో మోటారు ఎక్కడుందో చూడండి. కింద స్టీరింగ్ ర్యాక్ (ముందు చక్రాలను పక్కలకు తిప్పే కడ్డీ) మీద ఉంటే ఇంట్లో ఆ పని వద్దు. బండి పైకెత్తాలి, ర్యాక్ దించాలి, తర్వాత వీల్ అలైన్‌మెంట్ కూడా చేయించాలి. డ్యాష్‌బోర్డు కింద కాలమ్ మీద ఉంటే పని సాధ్యమే కానీ, డ్రైవర్ సీటు ముందు వెల్లకిలా పడుకుని, తల పెడళ్ల దగ్గర పెట్టి చేయాలి. బ్యాటరీ నెగటివ్ తీసి, ఎయిర్‌బ్యాగ్ పొరపాటున పేలకుండా మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాలి. కాలమ్ కింద షాఫ్ట్ విప్పే ముందు రెండు ముక్కల మీదా కలిపి పెయింటుతో ఒక గీత గీయండి, మళ్లీ అదే చోట బిగించడానికి. స్టీరింగ్ వీల్‌ను కదలకుండా కట్టేయండి. షాఫ్ట్ ఊడి ఉన్నప్పుడు వీల్ గిర్రున తిరిగితే లోపలి క్లాక్ స్ప్రింగ్‌లో చుట్టి ఉన్న పలుచని రిబ్బన్ కేబుల్ తెగుతుంది. దానితో హారన్, ఎయిర్‌బ్యాగ్ రెండూ పోతాయి, అది ఇంకో బిల్లు. కొన్ని బోల్టులు ఒకసారి విప్పితే కొత్తవే వేయాలి. అంతా అయ్యాక టార్క్ సెన్సార్ జీరో సెట్టింగు అవసరమైన బండిలో అది చేయించకపోతే లైటు ఆరదు, లేదా స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంది. షాఫ్ట్ బోల్టు సరిగ్గా పడకపోతే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. వందకి పది మిగులుతుందని నేనైతే మా ఇంటివాళ్లు ఎక్కే బండికి ఆ రిస్కు తీసుకోను.

ఇక డబ్బు ఎక్కడినుంచి తేవాలన్నది. అత్యవసర నిధిని ముట్టుకోవడం ఇష్టం లేదన్నారు. మరి దాన్ని దాచింది ఎందుకండీ? స్టీరింగ్ సరిగ్గా లేని బండి అత్యవసరమే. పూర్తి అంచనా కట్టాల్సి వచ్చినా మీ నిధిలో పెద్ద భాగం మిగిలే ఉంటుంది. నెలకి జీతంలో పదో వంతు తిరిగి వేస్తూ పోతే అయిదు నెలల్లో మళ్లీ నిండుతుంది. కార్డు వాయిదాలు తీసుకుంటే ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ కలిపి మొత్తం ఎంత కడుతున్నారో ముందే అడిగి రాసుకోండి. కనీస మొత్తం మాత్రం కడుతూ నెట్టుకొద్దామనుకోకండి. అప్పుడు మిగిలిన బాకీ మీదే కాదు, కొత్తగా కొనే సరుకుల మీద కూడా సాధారణంగా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. చేతిలో డబ్బు ఉంచుకుని ఆ వడ్డీ కట్టడానికి నాకైతే కారణం కనిపించడం లేదు. బండి బీమా మీద ఆశ పెట్టుకోకండి. వాడకంలో అరిగిపోయిన పార్టులకు మామూలు పాలసీలు ఇవ్వవు.

తొమ్మిదేళ్ల బండికి ఇంత పెట్టాలా అని ఇంట్లో అడుగుతారు. ఇంజిన్, గేరుబాక్సు బాగుంటే పెట్టండి. ఈ ఖర్చును కొత్త కారు వాయిదాలతో పోల్చి చూడండి, ఎన్ని నెలలకి సమానమో తెలుస్తుంది. బండి అమ్మితే వచ్చే డబ్బులో సగానికి పైగా అవుతుంటే మాత్రం ఆలోచించాల్సిందే.

రిపేరు అయ్యేదాకా హైవే మీదికి తీసుకెళ్లొద్దు. సాయం ఆగిపోయినా చక్రాలకీ స్టీరింగ్‌కీ లింకు ఉంటుంది కాబట్టి బండి తిరుగుతుంది, కానీ మలుపు మధ్యలో హఠాత్తుగా బరువెక్కితే అదుపు చేయడం కష్టం. రీకండిషన్ పార్టు తీసుకుంటే పాతదాన్ని షెడ్డులో వదిలేసి రాకండి. చాలాచోట్ల పాత పార్టు కోసం డిపాజిట్ పట్టుకుంటారు, దాన్ని వెనక్కి ఇస్తేనే ఆ డబ్బు తిరిగొస్తుంది.