అత్తగారి బీరువాలో ఏనుగు దంతం దొరికితే

చి.ల.సౌ. సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

మీ అత్తగారి బీరువాలో దొరికిన దంతపు వస్తువులవి నువ్వు పంపిన మూడు ఫోటోలూ చూశాను. మిగతా సంగతుల కంటే ముందు ఒక పని చెయ్యి. వాటిని ఫ్యామిలీ గ్రూపులో పెట్టావు కదా, ఇంకెవరికీ ఫార్వర్డ్ చేయొద్దని అందరికీ చెప్పు. మీ మరిది అక్కడే "ఎంత పలుకుతుందో కనుక్కోండి" అని రాశాడు. ఎవరూ కనుక్కోవద్దు. అమ్మితేనే తప్పనుకుంటారు చాలామంది. అమ్ముతామని ముందుకు రావడం కూడా మన చట్టంలో నేరమే. పాత సామాన్ల షాపువాడిని ఊరికే ధర అడిగామంటే రేపు ఎవరూ నమ్మరు.

ఇక వస్తువుల సంగతి. పెట్టె చూడగానే పోల్చుకున్నాను, అది మన విశాఖపట్నం పనిలాగే ఉంది. 18వ శతాబ్దంలో కంపెనీ దొరల కోసం విశాఖలో కుర్చీలు, రాతబల్లలు, పెట్టెలు ఇలా తయారుచేసేవారు. దంతాన్ని పలచటి రేకులుగా కోసి చెక్క మీద అతికించి, పైన సన్నగా లతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ విశాఖ సామాను ఇప్పటికీ ఉంది. పనితనం గొప్పదే, కాదనను. రెండోది కుంకుమ భరిణె. అది దంతమో ఎముకో ఫోటోలో తెలియడం లేదు. మూడోది, ఏనుగులు వరసగా నడుస్తున్నట్టు చెక్కిన దంతపు ముక్క, మీ మామగారు 80ల్లో టాంజానియాలో ఉద్యోగం చేసి వస్తూ తెచ్చారని రాశావు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే.

దంతమో కాదో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. అడ్డంగా కోసిన భాగం ఎక్కడైనా కనిపిస్తే భూతద్దం పెట్టి చూడు. వంపు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ గళ్లలా కనిపిస్తే దంతమే. వీటిని ష్రెగర్ గీతలంటారు. ఏనుగు దంతంలో బయటి అంచు దగ్గర ఈ గీతల మధ్య కోణం బాగా విశాలంగా ఉంటుంది. వేల ఏళ్ల కింద అంతరించిన మామత్ దంతంలో ఇరుకుగా ఉంటుంది. ఎముకైతే గీతలకు బదులు సన్నటి చుక్కలు, గుంటలు కనిపిస్తాయి. ప్లాస్టిక్‌లో ఇవేవీ ఉండవు. నిలువుగా కోసిన పలచటి రేకులో మాత్రం ఈ గుర్తు దొరకదు. యూట్యూబులో చూసి సూది కాల్చి గుచ్చకు, వస్తువు పాడవుతుంది తప్ప తేలేదేమీ లేదు. అంతగా అనుమానం మిగిలితే తేల్చేది ల్యాబే. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ల్యాబులో డీఎన్ఏ తీసి ఏ జంతువుదో చెప్తారు. అటవీ శాఖవాళ్లే అక్కడికి శాంపిల్ పంపుతారు, మనం కాదు.

మామత్ అయితే గొడవ లేదు కదా అని ఎవరైనా అంటారేమో. ఒక వ్యాపారి అదే వాదనతో సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. చట్టంలో దంతమంటే ఏ దంతమైనా దంతమేనని 2003లో కోర్టు తేల్చేసింది. ఆ దారి మూసుకుపోయింది.

"ఇవన్నీ ఎప్పటివో పెదనాన్నా, ఆ ఏనుగులు పోయి ఎన్నేళ్లయిందో, ఇప్పుడు వీటి వల్ల ఎవరికి నష్టం?" అని అడిగావు. దీనికి కాస్త వివరంగానే రాయాలి. దంతం వ్యాపారం బతికిందే "పాతది" అన్న ఒక్క మాట మీద.

1979లో ఆఫ్రికాలో సుమారు 13 లక్షల ఏనుగులు ఉండేవని అంచనా. పదేళ్లలో అందులో సగం పోయాయి. 1989లో దేశాలన్నీ కూర్చుని అంతర్జాతీయ దంతం వ్యాపారాన్ని నిషేధించాయి. దాంతో వేట తగ్గింది. తర్వాత కొన్ని దేశాలు తమ గోదాముల్లో పేరుకుపోయిన దంతం అమ్ముకుంటామని అడిగాయి. చచ్చిన ఏనుగులదే కదా, ఆ డబ్బు అడవికే ఖర్చు పెడతామన్నారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. 2008లో ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలోని నాలుగు దేశాలు వంద టన్నులకు పైగా చైనాకు, జపాన్‌కు అమ్మాయి. చైనాలో ఆ దంతానికి సర్టిఫికెట్లు ఇచ్చి లైసెన్సు షాపుల్లో పెట్టారు. ఒకసారి షాపులో చట్టబద్ధమైన దంతం అంటూ ఉన్నాక దాని పక్కన నిన్న చంపిన ఏనుగుది పెడితే తేడా ఎవరు చెప్పగలరు? కొనేవాడికి కాగితం కనిపిస్తుంది, తృప్తి పడతాడు. ఆ అమ్మకం వల్లే వేట పెరిగిందా అని నిపుణులు ఇంకా వాదించుకుంటున్నారు. ముప్ఫై ఏళ్లకు పైగా అడవి శాఖలో చేసినవాడిగా నాకైతే అనుమానం లేదు.

మీ మామగారు ఉండి వచ్చిన టాంజానియా సంగతే చూడు. అక్కడి సెలూస్ అభయారణ్యంలో 1976లో లక్షకు పైగా ఏనుగులు. 2013లో లెక్కపెడితే సుమారు 13 వేలు. ఆ దేశం మొత్తం మీద 2009కీ 2014కీ మధ్య, ఐదేళ్లలో, ఏనుగులు 60 శాతం తగ్గిపోయాయి. తుపాకీ పట్టుకుని అడవిలో తిరిగేవాడొక్కడే దీనికి కారణమనుకోకు. దార్ ఎస్ సలామ్‌లో రెస్టారెంటు నడుపుతూ, పెద్దవాళ్లతో కలిసి తిరిగే యాంగ్ ఫెంగ్లాన్ అనే చైనా వ్యాపారికి 2019లో అక్కడి కోర్టు 15 ఏళ్ల జైలు వేసింది. వందల దంతాలు దాటించిందని నేరం రుజువైంది. దంతం వ్యాపారంలో పైన ఉండేవాళ్లు ఇలాగే మర్యాదస్తుల్లా ఉంటారు.

"పాత స్టాకు" అన్న మాట ఎంత అబద్ధమో తేల్చిన పరిశోధన ఒకటుంది. 1950ల్లో, 60ల్లో అణుబాంబులు పరీక్షించినప్పుడు గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ ఒక్కసారిగా పెరిగింది, ఆ తర్వాత ఏటా కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తోంది. గడ్డి తినే జంతువు ఒంట్లోకి అదే చేరుతుంది. కాబట్టి దంతం మొదట్లో, చివరగా పెరిగిన భాగాన్ని పరీక్షిస్తే ఏనుగు ఏ ఏడాది చచ్చిందో దగ్గరగా చెప్పొచ్చు. రకరకాల దేశాల్లో పట్టుబడిన పెద్ద పెద్ద సరుకుల నుంచి ముక్కలు తీసి ఇలా పరీక్షించారు. 2016లో ఫలితం బయటికొచ్చింది. దాదాపు అన్నీ పట్టుబడటానికి మూడేళ్లలోపు చంపిన ఏనుగులవే. గోదాముల్లోంచి వచ్చిన పాత దంతం అందులో లేదనే చెప్పాలి. చైనా 2017 చివరికి తన దేశంలో అమ్మకం మూసేసింది. అమెరికా అంతకు ముందు ఏడాదే దాదాపు పూర్తిగా ఆపేసింది.

మన ఏనుగులకు ఇంకో కష్టం. ఆఫ్రికాలో మగా ఆడా రెండింటికీ దంతాలుంటాయి, మన దగ్గర మగవాటికే. అందులోనూ కొన్ని మగవాటికి ఉండవు, వాటిని మఖ్నాలంటారు. కాబట్టి ఇక్కడ వేటగాడు దంతమున్న మగవాటినే ఏరుకుంటాడు. కేరళలో పెరియార్ అడవిలో ఒక దశలో నూటికి పైగా ఆడ ఏనుగులకు ఒక్క పెద్ద మగ ఏనుగు మిగిలింది. మందలో ఆడవి ఉన్నాయి కదా, ఏనుగులు బాగానే ఉన్నాయి అనుకుంటాం పైకి చూసి. పిల్లలు పుట్టడం తగ్గాక గాని అసలు దెబ్బ కనిపించదు. మొజాంబిక్‌లోని గొరొంగోసాలో అయితే 1977 నుంచి 92 దాకా జరిగిన యుద్ధంలో దంతాల కోసం చంపీ చంపీ, చివరికి దంతాలు లేని ఆడ ఏనుగులే ఎక్కువగా మిగిలాయి. యుద్ధం తర్వాత అక్కడ పుట్టిన ఆడ ఏనుగు పిల్లల్లో కూడా సుమారు మూడో వంతు దంతాలు లేకుండానే పుట్టాయి.

ఊడిపోయిన దంతం తెచ్చుకున్నారేమో అని కూడా రాశావు. ఈ మాట నా సర్వీసంతా విన్నాను. దంతం జింక కొమ్ములా ఏటా రాలిపోయేది కాదు. అది ఏనుగు పన్ను, సుమారు మూడో వంతు పుర్రె లోపలే ఉంటుంది. కొసలు విరగొచ్చు. మొదలంటా ఉన్న దంతం మాత్రం ఏనుగు బతికుండగా చేతికి రాదు. నేను పలమనేరు వైపు పనిచేసినప్పుడు కౌండిన్య అడవిలో చనిపోయిన ఏనుగులు చూశాను. అక్కడ ఎక్కువగా పొలాల చుట్టూ పెట్టిన కరెంటు తీగలకు పోయేవి. మగదైతే డాక్టరు పోస్టుమార్టం చేశాక దంతాలు తీయించి, పొడవు, చుట్టుకొలత, బరువు రాసి, పంచనామా చేసి శాఖ స్ట్రాంగ్‌రూముకు పంపేవాళ్లం. ఏ దంతం ఏ ఏనుగుదో రికార్డు ఉంటుంది. కాబట్టి బయట తిరిగే దంతానికి "అదే చచ్చిపోయింది" అన్న కథ కూడా అతకదు.

సరే, ఇప్పుడు నువ్వు చేయాల్సింది. మీ అత్తగారు పోయి రెండో నెల నడుస్తోంది, అందుకే ఆలస్యం వద్దంటున్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి వస్తువు వారసత్వంగా తప్ప ఇంకే రకంగానూ కొత్తవాళ్ల చేతికి రాకూడదు. వారసత్వంగా వస్తే 90 రోజుల్లోపు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు, అంటే రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే పై అధికారికి, రాసివ్వాలి. దరఖాస్తు మీ డీఎఫ్ఓ (మీ ప్రాంత అటవీ అధికారి) ఆఫీసులో ఇవ్వొచ్చు, అక్కడి నుంచి పైకి వెళ్తుంది.

ముందు బీరువాలో కాగితాలన్నీ వెతుకు. మామగారి తండ్రిగారు గాని మామగారు గాని ఈ వస్తువుల గురించి ఎప్పుడైనా అటవీ శాఖకు రాసిచ్చారా, యాజమాన్య సర్టిఫికెట్ ఉందా చూడు. 2003లో ప్రభుత్వం ఆఖరి అవకాశంగా గడువు ఇచ్చింది, అప్పుడు కొందరు డిక్లేర్ చేశారు. టాంజానియా ముక్కకైతే కస్టమ్స్ రశీదో పర్మిట్టో ఉండాలి. పాత పాస్‌పోర్టు దొరికినా తీసి పెట్టు, ఎప్పుడు వచ్చారో తేదీ తెలుస్తుంది. కాగితం ఉంటే నీ పని సులువు. పెట్టె ఉంచుకోవచ్చు, అమ్మడానికి మాత్రం ఎప్పటికీ వీలులేదు. కాగితం లేకపోతే ఉంచుకోవాలన్న ఆశ వదిలేసుకో, కానీ దాచకు. ఈ చట్టంలో వస్తువు నీ దగ్గర దొరికితే అది సక్రమంగా వచ్చిందని నువ్వే రుజువు చేసుకోవాలి. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా ఉంది. నువ్వే ముందుకెళ్లి చెప్పడానికీ, ఎవరో ఉప్పందిస్తే వాళ్లొచ్చి తీయడానికీ చాలా తేడా. అందుకే వెళ్లే ముందు ఒక మంచి లాయరుతో కూర్చుని అర్జీ రాయించుకో. ఫీజు దగ్గర వెనకాడకు.

ఇంకో జాగ్రత్త. వస్తువు పట్టుకుని ఆఫీసుకు వెళ్లకు, కాగితం పట్టుకుని వెళ్లు. కారులో పెట్టుకుని దారిలో తనిఖీలో దొరికితే ఎక్కడికి తీసుకెళ్తున్నావో ఎవరూ వినరు. దరఖాస్తు ఇచ్చి, కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకో. వాళ్లే ఇంటికొచ్చి చూసి, కొలతలు రాసుకుని, గుర్తు వేస్తారు. అప్పటిదాకా మూడూ ఉన్నచోటే ఉంచు. కడగడం, పాలిష్ పెట్టడం, భరిణెలో కుంకుమ మార్చడం ఏమీ వద్దు. వద్దనుకుంటే ప్రభుత్వానికే అప్పగించే వీలు 2022 సవరణలో పెట్టారు. దానికి పైసా ఇవ్వరు. ఆ ఏనుగుల ముక్క మటుకు అప్పగించేయమనే నా సలహా. పెట్టె విషయం మీ ఆయనా నువ్వూ తేల్చుకోండి, మీ ఇంటి గుర్తు అది.

మీ మరిది సూట్‌కేసులో పెట్టుకుని డాలస్ తీసుకెళ్తానంటున్నాడని రాశావు. ఆ మాట అక్కడితో ఆగిపోవాలి. ఇక్కడి ఎయిర్‌పోర్టులో వన్యప్రాణి చట్టం, కస్టమ్స్ చట్టం రెండూ తగులుకుంటాయి. పెట్టె నూరేళ్లు దాటినదైతే పురావస్తువుల చట్టం కూడా వచ్చి చేరుతుంది. నూరేళ్లు దాటిన కళాఖండాన్ని మామూలు మనిషి దేశం దాటించకూడదు. ఒకవేళ ఇక్కడ దాటినా అక్కడ దిగాక పట్టుబడితే అతని వీసా ఏమవుతుందో ఆలోచించుకోమను. ఈబేలో ఇలాంటివి చూశానన్నాడట. ఈబే 2009 నుంచే దంతం అమ్మకాలు ఒప్పుకోవడం లేదు. దొంగచాటుగా వేరే పేరు పెట్టి అమ్మేవాళ్లుంటారు, వాళ్ల దారి మనకెందుకు.

అతనికి నువ్వు చెప్తే వదిన అడ్డుపడుతోందనుకుంటాడు. మన టైములో ఏ పూట ఖాళీగా ఉంటాడో కనుక్కుని రాయి, నేనే ఫోన్ చేసి మాట్లాడతాను. అర్జీ డ్రాఫ్టు అయ్యాక నాకోసారి పంపు. అందులో వస్తువుల వివరం, అత్తగారు పోయిన తేదీ, మామగారు ఏ ఏడాది టాంజానియా నుంచి వచ్చారో, ఈ మూడూ తప్పకుండా ఉండాలి. డెత్ సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదన్నావు. మున్సిపల్ ఆఫీసులో రేపే అడుగు, దరఖాస్తుకు అది జత చేయాలి.

ఇట్లు,
పెదనాన్న