‘వచ్చి తీసుకెళ్లు’ అంటున్న కేడెట్ కొడుకు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ కాగానే ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరాడు. ఇప్పుడు మొదటి టర్మ్. ఫోన్ చేసినప్పుడల్లా ‘అమ్మా, నా వల్ల కాదు, వచ్చి తీసుకెళ్లు’ అని ఏడుస్తున్నాడు. వాళ్ల నాన్నగారేమో కోప్పడుతున్నారు. తెలిసిన కర్నల్ గారి చేత అక్కడి అధికారులతో మాట్లాడించమంటారా?

జవాబు: వద్దు. సిఫారసు ఫోను వచ్చిన సంగతి తోటి కేడెట్లకు తెలిస్తే అతను వారిలో కలవలేడు, అక్కడ అతనికి అన్నిటికన్నా అవసరమైనది వారి తోడే.

మొదటి టర్మ్‌లో తెల్లవారకముందే రోజు మొదలవుతుంది. వ్యాయామం, డ్రిల్, తరగతులు, ఆటలు ఊపిరి సలపనివ్వవు, కవాతులో పెట్టే డ్రిల్ స్క్వేర్ టెస్ట్ నెగ్గేదాకా సెలవు రోజున బయటికి పంపరు. అన్నాళ్లూ బిగబట్టుకున్న ఏడుపు మీ గొంతు వినగానే బయటపడుతుంది. చెప్పుకున్నాక అతని మనసు తేలికపడి మళ్లీ పనిలో పడతాడు, మీరు మాత్రం ఆ ఏడుపునే తలుచుకుంటూ వారమంతా గడుపుతారు. అందువల్ల ఆ కొద్ది నిమిషాలను బట్టి ఏ నిర్ణయమూ తీసుకోకండి. అతన్ని పూర్తిగా చెప్పనివ్వండి, ఆ తరువాత ‘ఈ వారం ఏది కాస్త నయంగా గడిచింది?’ అని అడగండి. ఉత్తరాలు కూడా రాయండి, ఫోన్ దొరకని రోజుల్లో అవే మళ్లీ మళ్లీ చదువుకుంటాడు.

నాన్నగారి కోపం విషయంలో నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. ఈ రోజు ఏడ్చినందుకు తిట్లు తిన్న కుర్రవాడు రేపు దెబ్బ తగిలినా చెప్పడు. ఒకేచోట సలుపుతూ, పరుగెత్తితే ఎక్కువై, విశ్రాంతిలోనూ తగ్గని ముంగాలి నొప్పి ఎముక సన్నగా చిట్లడం వల్ల కావచ్చు. శిక్షణ తప్పిపోతుందని, టర్మ్ మళ్లీ చేయవలసిన రెలిగేషన్ వస్తుందని భయపడి కేడెట్లు దాన్ని దాస్తుంటారు. అటువంటి నొప్పి ఉంటే వెంటనే ఎం.ఐ. రూమ్‌కు, అంటే అకాడమీలో డాక్టరు చూసే గదికి వెళ్లమని గట్టిగా చెప్పండి. సీనియర్లు కొడుతున్నారని చెబితే మీ పేరుతోనే నేరుగా అతని బాగోగులు చూసే అధికారి అయిన డివిజనల్ ఆఫీసర్‌కు రాయండి, అది సిఫారసు కాదు, తల్లిగా మీ హక్కు. బతకాలని లేదన్న మాట అతని నోట వస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా అప్పుడే అకాడమీకి ఫోన్ చేయండి.

ఇవేవీ లేకుండా కేవలం అలసట, ఇంటి బెంగ అయితే, మానేయాలా వద్దా అన్న మాట టర్మ్ సెలవులకు ఇంటికి వచ్చాక మాట్లాడుకుందామని చెప్పండి. తనంతట తాను మానుకుంటే శిక్షణ ఖర్చు తిరిగి కట్టవలసి రావచ్చు కనుక, చేరేటప్పుడు మీరు సంతకం చేసిన పత్రాన్ని ఈలోగా చదివి ఉంచుకోండి, కాని దాన్ని చూపించి అతన్ని బెదిరించకండి. ‘తిరిగి వస్తే నలుగురిలో తలెత్తుకోలేం’ అన్న మాట ఇంట్లో ఎవరూ అనకూడదు. ఇంటికి వచ్చిన మొదటి రోజుల్లో బంధువుల ఇళ్లకు తిప్పకుండా నిద్రపోనివ్వండి, ఆ చర్చ సెలవుల మధ్యలో, మీరు ముగ్గురే ఉన్నప్పుడు పెట్టుకోండి.